చిన్న రంధ్రాలు, పెద్ద ఆపరేషను

ఆలూరు బస్టాండులో ఆదోని బస్సు కోసం నిలుచున్న ఒక రైతును ఊహించుకోండి. ప్రత్తి అమ్మడానికి మార్కెట్టుకు పోతున్నాడు. రెండేళ్ళ క్రితం అతనికి పురీషనాళంలో కాన్సరు వచ్చింది. ఆపరేషను జరిగింది, కాన్సరు పోయింది. అయినా బస్సు ఎక్కేముందు అతని మనసులో ఒకటే ప్రశ్న: “ఆదోని చేరేదాకా ఆగగలనా?”

రోగం నయమైన మనిషికి ఈ బెంగ ఎందుకు? అది తెలియాలంటే మన పొట్ట లోపలికి ఒకసారి తొంగి చూడాలి.

తెలివైన తొట్టి

మన పెద్దప్రేగు పొడవు సుమారు ఒకటిన్నర మీటరు. దాని చివరి 12 నుండి 15 సెంటీమీటర్ల భాగమే పురీషనాళం. దీన్ని ఒట్టి గొట్టం అనుకోకండి. ఇది ఒక తొట్టి. మలం చేరినకొద్దీ సాగి, వీలైన సమయం వచ్చేదాకా నిలువ ఉంచుతుంది. “నిండింది” అని నాడుల ద్వారా మెదడుకు కబురు పంపుతుంది. దాని క్రింద ఉంగరంలాంటి కండరాలు మూతలా బిగిసి ఉంటాయి. ఈ తొట్టి, ఈ మూత, ఈ నాడులు కలిసి పనిచేయబట్టే మీరు తరగతిలో గంట కొట్టేదాకా నిశ్చింతగా కూర్చోగలుగుతున్నారు.

ఈ అవయవం నడుము ఎముకల నడుమ, ఇరుకైన చోట ఉంది. ముందు మూత్రాశయం, ప్రక్కలను దారాల్లాంటి సన్నని నాడులు. అక్కడ కాన్సరు పుడితే కోసి తీయడం డాక్టర్లకు కత్తిమీద సామే.

1908లో లండనులో ఎర్నెస్ట్ మైల్స్ అనే డాక్టరు పురీషనాళాన్ని మూతతో సహా పూర్తిగా తీసివేసే పద్ధతిని వివరించాడు. ప్రాణం నిలిచేది. కాని ప్రేగు కొనను పొట్టమీద తెరచి ఉంచవలసి వచ్చేది. జీవితాంతం మలం ఆ దారినే పోవాలి. తరువాత 1982లో ఇంగ్లండులోని బేసింగ్‌స్టోక్ పట్టణపు డాక్టరు బిల్ హీల్డ్ మరొక సంగతి చూపాడు. పురీషనాళం చుట్టూ కొవ్వు పొర ఒకటి ఉంది. కాన్సరు కణాలు ముందుగా అందులోకి పాకుతాయి. ఆ పొరను చిరగకుండా, పండును తొక్కతో సహా తీసినట్లు తీస్తే, రోగం అదే చోట తిరిగి రావడం బాగా తగ్గుతుంది. ప్రక్కనున్న నాడులను కాపాడడానికీ వీలవుతుంది.

పొట్టలో గ్యాసు, గొట్టంలో కన్ను

మరి ఇంత పనికి పొట్టను పొడుగునా కోయక తప్పదా? 1901లో జర్మనీలో గేయోర్గ్ కెల్లింగ్ ఒక కుక్క పొట్టలోకి గాలి ఎక్కించి, సన్నని గొట్టం దూర్చి లోపలి అవయవాలను చూశాడు. ఆ ఆలోచనే పెరిగి లాపరోస్కోపు ఆపరేషను అయింది. మన దేశంలో 1990లో బొంబాయి జె.జె. ఆస్పత్రిలో డాక్టర్ టెహెమ్‌టన్ ఉద్వాడియా ఈ పద్ధతిలో పిత్తాశయాన్ని తీశాడు. తరువాత ప్రేగుల ఆపరేషన్లకూ ఇది వ్యాపించింది.

ఇందులో పొట్టమీద నాలుగైదు చిన్న రంధ్రాలు చేస్తారు. లోపలికి కార్బన్ డయాక్సైడు నింపి పొట్టగోడను గుడారంలా పైకి లేపుతారు. ఈ వాయువే ఎందుకు? ఒకటి, ఇది మండదు. లోపల విద్యుత్తుతో రక్తనాళాలను మూస్తారు గనుక మండే వాయువు పనికిరాదు. రెండు, ఇది రక్తంలో సులభంగా కరిగి ఊపిరితిత్తుల ద్వారా బయటికి పోతుంది. ఒక రంధ్రంలోంచి కెమెరా పోతుంది. మిగిలిన వాటిలోంచి పొడవాటి కత్తెరలు, పట్టుకార్లు పోతాయి. ఏతంలో ఒక కొన దిగితే రెండవది లేచినట్లు, డాక్టరు చెయ్యి కుడికి జరిపితే లోపలి కొన ఎడమకు పోతుంది. అందుకే దీనికి ఎంతో అభ్యాసం కావాలి.

తూకం వేసి చూస్తే

కొత్త పద్ధతి మంచిదో కాదో చెప్పవలసింది అభిప్రాయం కాదు, ప్రయోగం. 8 దేశాలలోని 30 ఆస్పత్రులలో 1044 మంది పురీషనాళ కాన్సరు రోగులను చీటీలు వేసినట్లుగా రెండు జట్లుగా విడదీశారు. ఒక జట్టుకు లాపరోస్కోపు, రెండవ జట్టుకు పాత పద్ధతి. 2013లో వెలువడిన ఫలితాలలో నడిమి లెక్కన రక్తనష్టం 400 మిల్లీలీటర్ల నుండి 200కు తగ్గింది. ఆస్పత్రిలో ఉండవలసిన రోజులు 9 నుండి 8కి తగ్గాయి. మూడేళ్ళ తరువాత రోగం అక్కడే తిరిగి వచ్చినవారు రెండు జట్లలోనూ నూటికి 5గురే అని 2015లో తేలింది.

కాని ఆ రోగులకు “ఎలా నిద్రపోతున్నారు? పని చేయగలుగుతున్నారా? బాధ ఏపాటిది?” వంటి ప్రశ్నల పత్రం ఇచ్చి, సంవత్సరం పొడవునా గమనిస్తే, రెండు జట్ల జవాబులలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు!

ఎందుకు? రంధ్రం చిన్నదైనా, పెద్దదైనా లోపల పోయింది అదే తొట్టి గదా! మిగిలిన ప్రేగును క్రిందికి లాగి అతికిస్తారు. దానికి నిలువ ఉంచే అలవాటు లేదు. అందువల్ల రోజుకు చాలాసార్లు వెళ్ళవలసి రావడం, ఒక గంటలోనే మళ్ళీ వెళ్ళవలసి రావడం, పరుగెత్తవలసి రావడం జరుగుతుంది. గడ్డ ఎంత క్రిందికి ఉంటే బాధ అంత ఎక్కువ. ఆపరేషనుకు ముందు ఇచ్చే రేడియేషను గడ్డను కుదించినా, ఈ బాధను పెంచవచ్చు. 2012లో డెన్మార్కు డాక్టర్లు ఈ కష్టాన్ని కొలవడానికి అయిదు ప్రశ్నల పట్టిక తయారుచేశారు. 42 మార్కులకు 30 గాని, అంతకు మించి గాని వస్తే బాధ తీవ్రమైనదని లెక్క. జ్వరాన్ని థర్మామీటరు కొలిచినట్లు, చెప్పుకోలేని బాధను అయిదు ప్రశ్నలు కొలుస్తున్నాయి.

కొలిస్తే చికిత్స దొరుకుతుంది. మూత కండరాలకు వ్యాయామం, ఆహారంలో మార్పులు, మందులు చాలామందికి మేలు చేస్తాయి. మొదటి ఒకటి రెండేళ్ళలో ప్రేగు కొంత కొత్త అలవాటు నేర్చుకుంటుంది. అతుకు మానేదాకా కొందరికి కొన్ని నెలలపాటు పొట్టమీద సంచి పెడతారు. మరికొందరికి అది శాశ్వతం. సంచి ఉన్నవారు స్నానం చేయవచ్చు, బస్సెక్కవచ్చు, పొలం పనులూ చేసుకోవచ్చు. బరువులు ఎత్తే విషయంలో మాత్రం డాక్టరు సలహా పాటించాలి.

సిగ్గు చేసే కీడు

గడ్డను తొందరగా కనిపెడితే ఆపరేషను సులువవుతుంది, మూతను కాపాడే అవకాశమూ పెరుగుతుంది. కాని మలంలో రక్తం కనిపిస్తే మనవాళ్ళు “మొలలే” అనుకొని నెలల తరబడి నాటుమందు వాడుతూ దాచిపెడతారు. చాలాసార్లు అవి మొలలే కావచ్చు. తేడా తేల్చవలసింది మాత్రం డాక్టరు. వ్రేలితో చేసే చిన్న పరీక్షలోనే క్రింది భాగపు గడ్డలు చాలావరకు తగులుతాయి. రక్తం పడడం, మలవిసర్జన అలవాటు వారాల తరబడి మారడం, వెళ్ళివచ్చినా ఇంకా ఉన్నట్లే అనిపించడం, కారణం లేకుండా బరువు తగ్గడం, ఇవే హెచ్చరికలు.

ఆలూరు నుండి కర్నూలు ప్రభుత్వ ఆస్పత్రి దూరమే. హైదరాబాదులో 1955లో ఏర్పడిన ఎం.ఎన్.జె. కాన్సరు ఆస్పత్రి ఇంకా దూరం. అయినా 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, నేడు ఎన్.టి.ఆర్. వైద్య సేవగా నడుస్తున్న పథకం కాన్సరు ఆపరేషన్లకు డబ్బు భారాన్ని తగ్గించింది. అన్నిటికన్నా పెద్ద దూరం సిగ్గే.

మీ ఇంట్లో తాతగారో, అమ్మమ్మో ఈ హెచ్చరికలలో ఒకటి చెబితే నవ్వకండి, “పోనీలే” అనకండి. డాక్టరు దగ్గరకు వెంట వెళ్ళండి. బస్సులో ఎవరైనా “ఒక్క నిమిషం ఆపు నాయనా” అని డ్రైవరును బ్రతిమాలితే విసుక్కోకండి. ఆ రైతు క్షేమంగా ఆదోని చేరి ప్రత్తి అమ్ముకొని రావడంలో డాక్టరు కత్తెరకు ఎంత పని ఉందో, తోటి ప్రయాణికుల ఓర్పుకూ అంత పని ఉంది.