గడి ముందే గీయండి: పీహెచ్‌పీ క్లాసుల్లో ప్రాపర్టీల ప్రకటన

బి.సి.ఎ., డిప్లొమా ప్రాజెక్టులకు పీహెచ్‌పీ వాడే విద్యార్థులు మీలో చాలామంది ఉంటారు. ఒక్కోసారి ప్రోగ్రాం చక్కగా నడుస్తుంది, ఫలితం మాత్రం తప్పు వస్తుంది. అందుకు తరచుగా కనిపించే కారణం ఒకటి తెలుసుకుందాం.

స్కాలర్‌షిప్ దరఖాస్తు ఫారం అందరూ చూసిందే. పేరు, తరగతి, మార్కులు ఏ గడిలో రాయాలో ముందే అచ్చువేసి ఉంటుంది. పీహెచ్‌పీలో క్లాస్ అంటే ఆ ఫారం నమూనా. గడులే ప్రాపర్టీలు. ఒక్కొక్కరు నింపి ఇచ్చిన ఫారం ఒక్కొక్క ఆబ్జెక్ట్.

క్లాసులో లేని ప్రాపర్టీకి విలువ ఇచ్చినా పీహెచ్‌పీ కాదనదు, అప్పటికప్పుడు కొత్త గడి గీసేస్తుంది. చిక్కు ఇక్కడే ఉంది. 'మార్క్స్' అనే ప్రాపర్టీ 0తో మొదలైందనుకోండి. విలువ ఇచ్చేచోట చివరి అక్షరం వదిలేసి 'మార్క్' అని టైపు చేసి 92 ఇచ్చారు. ఆ 92 కొత్త గడిలో పడుతుంది. జాబితా తయారుచేసే భాగం 'మార్క్స్' చూస్తుంది, అక్కడ 0 ఉంటుంది. 92 మార్కుల అమ్మాయి జాబితా అట్టడుగుకు పోతుంది.

2022 డిసెంబరులో వచ్చిన 8.2 వెర్షన్ నుంచి, మామూలు క్లాసుల్లో ఇలా చేస్తే 'డిప్రికేటెడ్' అన్న హెచ్చరిక తప్పు పేరుతో సహా కనిపిస్తుంది. 9.0లో దీన్ని ఎర్రర్‌గా మార్చాలని నిర్ణయించారు. అయితే మీరు ఏ ప్రాపర్టీనీ ప్రకటించకపోతే అన్నిటికీ హెచ్చరికలు వస్తాయి, అసలు తప్పు ఆ గుంపులో కలిసిపోతుంది.

కాబట్టి క్లాసు మొదట్లోనే ప్రతి ప్రాపర్టీనీ ఈ వరుసలో రాయండి:

1. పబ్లిక్, ప్రొటెక్టెడ్, ప్రైవేట్‌లలో ఒకటి.
2. రకం: అంకె అయితే ఇంట్, మాట అయితే స్ట్రింగ్. ఈ సౌకర్యం 2019లో వచ్చిన 7.4 నుంచి ఉంది. ఇంట్ అని రాస్తే మార్కుల గడిలో అక్షరాలు పడవు.
3. డాలరు గుర్తుతో పేరు, అవసరమైతే మొదటి విలువ, చివర సెమీకోలన్.

పాత ప్రోగ్రాముల కోసం 'అలౌ డైనమిక్ ప్రాపర్టీస్' అనే మినహాయింపు ఉంది. కొత్తగా రాసేవాటిలో దాన్ని పెట్టకండి, హెచ్చరికే రాకుండా పోతుంది. నేర్చుకునే రోజుల్లో హెచ్చరికలన్నీ తెరపై కనిపించేలా ఉంచుకోండి.

తల్లిదండ్రులకు ప్రోగ్రాం చదవడం రాకపోవచ్చు. "గడులన్నీ ముందే గీశావా?" అని మాత్రం అడగవచ్చు. ఆ ప్రశ్నకు పిల్లలు జవాబు చెప్పగలిగితే పాఠం వచ్చినట్లే.