కారులోని గ్యాసు ఎక్కడికి పోవుచున్నది?

వంటింటిలో నూనె అయిపోయినదన్నను, పప్పు నిండుకొన్నదన్నను మనకు ఆశ్చర్యము కలుగదు. అవి ఖర్చగు వస్తువులు. కారులోని ఏ.సి. గ్యాసు అట్టిది కాదు. అది పెట్రోలువలె మండిపోదు, టైరువలె అరిగిపోదు. మూసిన గొట్టములలో చుట్టి చుట్టి మరల మొదటి చోటికే వచ్చుచుండును. కావున ఎవరైనను "గ్యాసు అయిపోయినది" అని చెప్పినప్పుడు, "ఎక్కడినుండి పోయినది?" అని మనము అడుగవలెను. ఈ ప్రశ్న వేళకు అడుగకపోవుటచే మేము 3,600 రూపాయలు పోగొట్టుకొంటిమి. అంతకంటె పెద్ద నష్టమునుండి వెండ్రుకవాసిలో తప్పించుకొంటిమి.

మా కాపురము వడ్డాదిలో. పూర్వము మత్స్యవంశపు రాజులు ఏలిన ఊరని పెద్దలు చెప్పుకొందురు. ఇప్పుడు చోడవరమునకును మాడుగులకును నడుమ చెరకు లారీల రోడ్డుమీది ఊరు. 2022 లో మా జిల్లా పేరు విశాఖపట్టణమునుండి అనకాపల్లికి మారినది గాని, రోడ్డుమీది రాళ్లు మాత్రము మారలేదు. ఆ రాళ్ల మాట ఈ కథలో మరల వచ్చును.

మా అత్తగారికి గుండె జబ్బు. పదునైదు దినముల కొకసారి విశాఖపట్టణమునకు తీసికొనిపోవలెను. ఎండ తగులనీయవద్దని డాక్టరుగారి ఆజ్ఞ. ఏప్రిల్ నెలలో కారులో చల్లదనము తగ్గినది. దగ్గరనున్న ఒక షెడ్డునకు పోగా అక్కడి అబ్బాయి బోనెట్టు ఎత్తి చూచి, "గేసు అయిపోనాదమ్మా, ఏటేటా ఏయించుకోవాల" అని చెప్పి, పావుగంటలో గ్యాసు నింపి 1,800 రూపాయలు పుచ్చుకొనెను. ఇరువది దినములు చల్లగా నుండినది. మరల పోయితిమి, మరల 1,800 ఇచ్చితిమి. ఈ సారి పండ్రెండు దినములకే పోయినది. అదియు మే నెలలో, మిట్టమధ్యాహ్నము, విశాఖపట్టణమునుండి తిరిగి వచ్చుచుండగా! అద్దములు దించితిమి గాని లోనికి వచ్చినది నిప్పుగాలి. అత్తగారికి కన్నులు తిరిగి, మాట తడబడినది. ఒక చింతచెట్టు నీడను కారాపి, ముఖము తడిగుడ్డతో తుడిచి, డాక్టరుగారికి ఫోను చేసి, ఆమె తేరుకొనువరకు మేము పడిన భయము ఇంతని చెప్పజాలము.

మా వారు ఇంకొక సారి గ్యాసు నింపించిన సరిపోవునన్నారు. అప్పుడు అత్తగారే, "చిల్లుకుండలో ఎన్ని నీళ్లు పోస్తావురా?" అని అడిగిరి. దానితో అనకాపల్లిలో వేరొక మెకానిక్కు నొద్దకు పోయితిమి. ఈ సారి మేమును వెంట పోయి, బల్లమీద కూర్చుండక కారు ప్రక్కనే నిలిచితిమి.

అతడు మొదట పనిముట్టు పట్టలేదు, ప్రశ్న లడిగెను. చల్లదనము మెల్లగా తగ్గినదా, ఒక్కసారిగా పోయినదా? గాలి బలముగా వచ్చుచున్నదా? కారు పరుగెత్తునప్పుడు చల్లగా నుండి, ఆగినప్పుడు వెచ్చబడుచున్నదా? ఈ ప్రశ్నలలోనే సగము వైద్య మున్నదని మాకు పిమ్మట తెలిసినది. గాలియే సన్నగా వచ్చినచో తప్పు తరచుగా లోపలి ఫిల్టరుది; దుమ్ము పట్టి యుండును, మార్చినచో చాలును. ఆగినప్పుడు మాత్రమే వెచ్చబడినచో ముందరి ఫ్యాను తిరుగుచున్నదో లేదో చూడవలెను. గాలి బలముగా వచ్చుచు దినదినమునకు చల్లదనము తగ్గుచున్నచో, కంప్రెసరు మాటిమాటికి టక్కుమని పట్టి విడుచుచున్నచో, గ్యాసు కారిపోవుచున్నదని అనుమానింపవచ్చును. మాది ఈ కడపటిదే.

ఆ యంత్రము నడచు తీరును అతడు చెప్పగా మేము గ్రహించినంత చెప్పెదము. చేతిమీద స్పిరిటు రాచుకొన్నచో చల్లగా నుండును గదా! ద్రవము ఆవిరియగునప్పుడు చుట్టునున్న వేడిని లాగుకొనును. మట్టికుండలో నీరు చల్లబడుటయు ఇందువలననే. కారులో వాడు ఆర్-134ఎ అను గ్యాసు ద్రవరూపమున ఆరుబయట నున్నచో సున్నకు 26 డిగ్రీలు దిగువననే మరిగిపోవును. కంప్రెసరు ఆవిరిని నొక్కి వేడి చేయును. రేడియేటరు ముందున్న కండెన్సరులో ఆ వేడి బయటిగాలికి పోయి ఆవిరి ద్రవమగును. డ్రయరు దానిలోని తేమను పీల్చును. సన్నని రంధ్రముగల కవాటము గుండా పోయి, డాష్ బోర్డు వెనుకనున్న కూలింగు కాయిలులో ఆ ద్రవము మరిగి, మనమీదికి వచ్చు గాలిలోని వేడిని లాగుకొనును. పిమ్మట మరల కంప్రెసరునకు. గ్యాసుతోపాటు కొంచెము నూనెయు తిరుగుచుండును; కంప్రెసరునకు అదే ప్రాణము. గ్యాసు కారిన చోట ఈ నూనెయు చెమర్చి, దానిమీద దుమ్ము అంటుకొని నల్లని జిడ్డుమచ్చ కట్టును. కన్నుతో వెదకదగిన మొదటి గుర్తు అది.

ఇంజను ఆపియున్నప్పుడు గేజి పెట్టి, "ప్రెజరు బాగున్నది, గ్యాసు చాలినంత ఉన్నది" అని కొందరు చెప్పుదురు. దానిని నమ్మరాదు. మన వంటగ్యాసు సిలిండరును చూడుడు. నిండుగా నున్నను, అడుగున కొంచెమే యున్నను మంట దాదాపు ఒకే తీరున వచ్చును. ఎంత ఉన్నదో తెలియవలెనన్న తూచవలెను. కారు గ్యాసును అట్లే తూచి తెలిసికొనవలసినదే. మిగిలినదానిని ఒక యంత్రముతో సిలిండరులోనికి లాగి తూచగా మా కారులో 130 గ్రాములే తేలినది. ఉండవలసినది 450 గ్రాములని బోనెట్టు క్రింది చీటీమీదనే అచ్చు వేసియున్నది! ఇన్నేండ్లుగా ఆ చీటీని మేము చదువనే లేదు.

తరువాత చిల్లు వెదకుట. నూనెలో కలియు ఒక రంగును లోపలికి ఎక్కించి, కొంచెము గ్యాసు పోసి, రెండు దినములు కారును నడుపుకొని రమ్మనెను. పిమ్మట నీలిదీపము వేసి చూచినాడు. గ్యాసు వాసన పట్టు చిన్న యంత్రము నొకదానిని గొట్టముల అతుకుల క్రిందుగా మెల్లగా జరిపినాడు; ఈ గ్యాసు గాలికంటె బరువైనది గనుక క్రిందనే పట్టవలెనట. అనుమానమున్న చోట సబ్బు నురుగు పూసినాడు. సైకిలు పంక్చరువాడు నీళ్లలో బుడగలు చూచునట్లే. కూలింగు కాయిలును విప్పక చూడలేము గాన, నీరు కారు గొట్టము మూతియొద్ద ఆ వాసనయంత్రమును పెట్టి చూచెను. అక్కడ ఏమియు లేదు. మాకు ప్రాణము లేచి వచ్చినది, ఏలయన దానికొరకు డాష్ బోర్డంతయు విప్పవలసి వచ్చెడిది.

కండెన్సరు దిగువ మూలను ఆకుపచ్చని మెరుపు కనబడినది. మా రోడ్డు రాయి ఒకటి ఎగిరి తగిలిన చోటు! ఒక అతుకులోని ఓ-రింగు వద్దను సన్నగా మెరిసినది. కుక్కరు గాస్కెట్టు ఎండి గట్టిపడినచో ఆవిరి ఎట్లు కారునో మనకెల్లరకు తెలియును, ఇదియు అంతే.

కండెన్సరునకు మాటు వేయవచ్చునా యని అడిగితిమి. అంత పలుచని అల్యూమినియము గొట్టములకు వేసిన మాటు ఆ ఒత్తిడికి ఎక్కువ కాలము నిలువదని చెప్పి, మార్చుటయే మేలనెను. చిల్లు తానే పూడ్చు మందు డబ్బాలు బజారులో దొరకును గాని, అవి కవాటమును కూడ పూడ్చివేయగలవు. మేమైతే వానిని కొనము. గొట్టములు విప్పినందున డ్రయరును, విప్పిన ప్రతి అతుకునందును ఓ-రింగులను మార్చి, నూనె రాచి బిగించెను. పొడి నైట్రోజనుతో ఒత్తిడి పెట్టి, గేజి ముల్లు కదలకుండుట మాకు చూపెను. ఆక్సిజను ఎక్కింపరాదు, నూనెతో కలిసి ప్రేలును. పిమ్మట ముప్పావుగంట సేపు పంపుతో లోపలి గాలినంతయు లాగెను. ఇది గాలికొరకే కాదు, తేమకొరకు. తేమ నిలిచినచో కవాటమువద్ద మంచు కట్టును, గ్యాసుతో కలిసి ఆమ్లమై లోహమును తినును. పంపు ఆపి మరల పావుగంట ముల్లును చూచి, అప్పుడు 450 గ్రాములు తూచి పోసెను. మొదటి షెడ్డులో పావుగంటలో ముగిసిన పనికి ఇక్కడ ఆ దినమంతయు పట్టినది. ఖర్చు 9,400 రూపాయలు. చౌక యని మేము చెప్పము.

పోయిన గ్యాసు మన డబ్బుతోనే పోదు. 1939 లో అమెరికాలో పాకార్డు కంపెనీవారు కారులో ఏ.సి. అమర్చిన కాలపు గ్యాసు ఆకాశములోని ఓజోను పొరను తినునదని పిమ్మట తేలి, 1987 లో మాంట్రియలు ఒడంబడిక జరిగినది. మన దేశము 1992 లో అందులో చేరినది. తరువాత వచ్చిన ఆర్-134ఎ ఓజోనును తినదు గాని, నూరేండ్ల లెక్కన బొగ్గుపులుసు గాలికంటె 1,430 రెట్లు భూమిని వేడెక్కించును. అనగా మా కారులోని 450 గ్రాములు ఇంచుమించు 640 కిలోల బొగ్గుపులుసు గాలితో సమానము. కొందరు చౌకకై వంటగ్యాసు జాతి గ్యాసును నింపుదురు. అది అంటుకొనునది. పోయువాని చేతిలోని డబ్బామీది పేరు చదువక పోయనీయకుడు. ద్రవము చేతిమీద పడినను చర్మము గడ్డకట్టి పుండగును. పిల్లలను దగ్గరకు రానీయరాదు.

కారు బాగై వచ్చిన మరునాడు పొరుగింటావిడ పరుగున వచ్చి, మా కారు క్రింద మడుగు కట్టినదని చెప్పిరి. అది మంచినీరే. చల్లని కాయిలుమీద గాలిలోని తేమ చెమర్చి కారును. ఆ నీరు బయటికి రాక లోపల కాళ్ల క్రింది చాపను తడిపినప్పుడే గొట్టము పూడినదని తెలిసికొనవలెను.

చలికాలములోను వారమునకొకసారి పది నిమిషములు ఏ.సి. వేయుమని మెకానిక్కు చెప్పినాడు; నూనె తిరిగి కంప్రెసరు సీలు ఎండకుండునట. మేము వేయుచున్నాము. వెనుక సీటులో అత్తగారు మాత్రము శాలువ కప్పుకొని, "మీ సీలు సంగతి సరే, నా కీళ్ల సంగతేమిటే?" అనుచున్నారు.