ఓడ ఆగేది ఎనిమిది గంటలు... చేతికొచ్చేది నాలుగే!

క్రూజ్ అనగానే డెక్ మీద సెల్ఫీలే గుర్తొస్తాయి గానీ, అసలు మజా ఓడ దారిలో ఆగే ఊళ్లది. పొద్దున తొమ్మిదికి రేవులో ఆగుతుంది. సాయంత్రం అయిదుకి వెళ్లిపోతుంది. ఆ మధ్యలో ఒక ఊరిని ఎంతవరకు చూడగలం? ముంబై నుంచి బయల్దేరిన ఓడలో కొచ్చి చేరినప్పుడు నేను వేసుకున్న లెక్క ఇది. క్రూజ్ ఉద్యోగాలకు అప్లై చేద్దామనుకునేవాళ్లకు పనికొచ్చే ముచ్చట కూడా ఒకటుంది, కాస్త ఆగితే వస్తుంది.

వెనక నుంచి లెక్కేయండి

ఓడ అయిదుకి కదులుతుందంటే అయిదుకి చేరితే చాలని కాదు. ప్రయాణికులంతా లోపల ఉండాల్సిన టైమ్ వేరే ఉంటుంది. అరగంట నుంచి గంట ముందు పెడతారు. నాలుగనుకుందాం. రేవు గేటు దగ్గర తనిఖీ ఉంటుంది కాబట్టి మూడున్నరకే గేటు దగ్గరుండాలి. వంతెన మీద ట్రాఫిక్‌ని నమ్మలేం, ఇంకో గంట తీసేయండి. అంటే రెండున్నరకే ఊళ్లోంచి బయల్దేరాలి. ఇటు పొద్దున చూస్తే, తొమ్మిదికి ఓడ ఆగినా వందలమంది వరసలో దిగి బయటపడేసరికి పది. ఆటోలో ఫోర్ట్ కొచ్చి చేరేసరికి పదీ నలభై. మిగిలింది నాలుగు గంటల లోపే!

అందుకే మొదటి రూల్: దూరంగా ఉన్నది ముందు, ఓడకు దగ్గరగా ఉన్నది చివర. ఓడలు ఆగే విల్లింగ్డన్ దీవి నుంచి రోడ్డు మీద వెళితే తోప్పుంపడి వంతెన దాటాక మట్టాంచేరి, దాని తర్వాత ఫోర్ట్ కొచ్చి. చాలామంది దారిలో వచ్చిందని మట్టాంచేరిలోనే దిగిపోతారు. నేనైతే నేరుగా ఫోర్ట్ కొచ్చికే వెళ్లమంటాను. అక్కణ్నుంచి వెనక్కి వస్తున్న ప్రతి అడుగూ ఓడ వైపే పడుతుంది. ఆలస్యమైతే ఒకటి వదిలేస్తాం, అంతే.

అన్నట్టు, మీరు దిగిన ఆ దీవే ఒక ఇంజినీరింగ్ వింత. రాబర్ట్ బ్రిస్టో అనే ఇంజినీరు 1920లో కొచ్చి వచ్చి, ఓడలు లోపలికి రాకుండా అడ్డుపడుతున్న ఇసుకమేటను తవ్వించాడు. అలా రేవు లోతు చేయగా వచ్చిన మట్టితోనే దీవిని తయారుచేశారు. అప్పటి వైస్రాయ్ విల్లింగ్డన్ పేరు పెట్టారు.

చైనా వలల దగ్గర కాసేపు ఎక్కువే ఆగండి

ఫోర్ట్ కొచ్చి ఒడ్డున వరసగా కనిపించే ఆ పెద్ద పెద్ద వలల్ని ఫొటో తీసుకుని వెళ్లిపోతారు చాలామంది. ఓ పది నిమిషాలు నిలబడి అవి ఎలా పనిచేస్తున్నాయో చూడండి. పొడవాటి దుంగలకు ఒకవైపు వల, రెండోవైపు తాళ్లకు వేలాడే బండరాళ్లు. రెండు వైపులా బరువు ఎంత సరిగ్గా తూగుతుందంటే, ఒక మనిషి నడిమి దుంగ మీద నీళ్లవైపు నడిచివెళితే చాలు, వల మెల్లగా నీళ్లలోకి దిగుతుంది. పైకి లేపేటప్పుడు నలుగురైదుగురు కలిసి తాళ్లు లాగుతారు. మోటారు లేదు, కరెంటు లేదు. ఫస్టియర్ మెకానిక్స్‌లో బుర్రకెక్కని మొమెంట్స్ చాప్టర్ ఇక్కడ కళ్ల ముందే కనిపిస్తుంది. వీటిని చైనా వర్తకులు తెచ్చారని ఒక మాట, మకావు నుంచి పోర్చుగీసువాళ్లు తెచ్చారని ఇంకో మాట. మీరూ ఓ చెయ్యి వేసి తాడు లాగొచ్చు, కాకపోతే తర్వాత జాలరులు పది రూపాయలు అడుగుతారు. ఇచ్చేయండి.

అక్కణ్నుంచి నడిచే దూరంలోనే 1503 నాటి సెయింట్ ఫ్రాన్సిస్ చర్చి. వాస్కోడగామా 1524లో కొచ్చిలోనే చనిపోయాడు. మొదట ఇక్కడే పాతిపెట్టి, తర్వాత అవశేషాలను పోర్చుగల్‌కు తీసుకెళ్లారు. సమాధి చోటు మాత్రం ఇప్పటికీ చూపిస్తారు. టెన్త్‌లో చదివిన పేరు కాళ్ల దగ్గర రాతి మీద కనిపిస్తే అదోలా ఉంటుంది.

పన్నెండున్నరకల్లా మట్టాంచేరి వచ్చేయాలి. పోర్చుగీసువాళ్లు కట్టి కొచ్చి రాజుకిచ్చిన కోట, దానికి డచ్చివాళ్లు చేసిన మరమ్మతులు, లోపల గోడల మీద రామాయణం బొమ్మలు. బయటికి సాదా ఇల్లులా ఉంటుంది, మోసపోకండి. పక్కనే 1568 నాటి పరదేశి సినగాగ్. నేలమీద చైనా నుంచి తెప్పించిన నీలిరంగు పలకలుంటాయి. బూట్లు విప్పి వెళ్లాలి. ఇక్కడొక మెలిక: కోట శుక్రవారం మూసేస్తారు, సినగాగ్ శనివారం. శుక్రవారమైతే సినగాగ్ కూడా మధ్యాహ్నానికల్లా మూతే. మీ ఓడ ఏ వారం ఆగుతుందో చూసుకోకుండా ప్లాన్ వేస్తే తలుపులు చూసి రావాల్సిందే. ఆ వీధిలో మిరియాలు, యాలకుల వాసన మాత్రం ఏ రోజైనా ఫ్రీ.

అలెప్పీ? ఈ ట్రిప్‌లో వదిలేయండి. రోడ్డు మీద యాభై కిలోమీటర్ల పైనే, పోనూ రానూ మూడు గంటలు రోడ్డుకే పోతాయి. ఓడవాళ్లే ఏర్పాటుచేసే టూర్‌లో వెళితే ఆలస్యమైనా సాధారణంగా ఓడ ఆగుతుంది. సొంతంగా వెళ్లినవాళ్ల కోసం ఆగదు. తర్వాతి రేవు దాకా మీ ఖర్చుతో మీరే వెళ్లాలి.

టెక్ పిచ్చి ఉన్నవాళ్లు ఒకవైపైనా వాటర్ మెట్రో ఎక్కండి. 2023 ఏప్రిల్‌లో మొదలైంది. బ్యాటరీతో నడిచే ఈ పడవలు కొచ్చిన్ షిప్‌యార్డులోనే తయారయ్యాయి. లిథియం టైటనేట్ బ్యాటరీలు వాడారు. పావుగంటలో చార్జింగ్ అయిపోతుంది కాబట్టి రేవుల్లో ఆగినప్పుడే ఎక్కించేసుకోవచ్చు. శబ్దం, పొగ ఉండవు.

వాళ్లకు ఆ నాలుగు గంటలూ లేవు

ఇప్పుడు ఆ ముచ్చట. ఓడలో మా గదులు సర్దే కుర్రాడిది విజయనగరం. హోటల్ మేనేజ్‌మెంట్ చదివాడు. తెలుగు వినగానే ఆగిపోయాడు. కొచ్చిలో ఏం బాగుంటుంది తమ్ముడూ అనడిగితే నవ్వేశాడు. ‘‘కొచ్చికి చాలాసార్లొచ్చాను అన్నా. గేటు బయట టీ కొట్టు, రీచార్జ్ షాపు తెలుసు. ఆ వలలంటారే, అవి ఇంకా చూళ్లేదు.’’

కారణం సింపుల్. ప్రయాణికులు దిగిన గంటల్లోనే గదులు సర్దాలి. ఓడ రేవులో ఉన్నా అత్యవసర పరిస్థితి కోసం సిబ్బందిలో కొందరు లోపలే ఉండాలి, వంతులవారీగా. షిఫ్టుకీ షిఫ్టుకీ మధ్య రెండు గంటలు దొరికితే నిద్రపోవాలా, దిగాలా అన్నదే ప్రశ్న. నౌకా సిబ్బంది హక్కుల ఒప్పందం ఎంఎల్‌సీ 2006 ప్రకారం రోజుకు కనీసం 10 గంటలు, వారానికి 77 గంటలు విశ్రాంతి ఉండాలి. అంటే మిగతా టైమంతా పని ఉండొచ్చన్నమాటే. ‘ప్రపంచం చూస్తూ సంపాదించండి’ అనే ప్రకటన చూసినప్పుడు ఈ లెక్క కూడా వేసుకోండి. తిండి, బస ఖర్చు ఉండదు, డబ్బు మిగులుతుంది, అది నిజమే. ఆ కుర్రాడు చెల్లి చదువు దాంతోనే చూసుకుంటున్నాడు.

ఇంకోటి, ఇది మరీ ముఖ్యం. ఉద్యోగం ఇప్పించడానికి ఫీజు అడిగే ఏజెంటుకు పైసా ఇవ్వొద్దు. పాస్‌పోర్టు, సీడీసీ, మెడికల్ లాంటివాటి ఖర్చు మీదే, ప్లేస్‌మెంటుకు మాత్రం అభ్యర్థి దగ్గర వసూలు చేయకూడదని అదే ఒప్పందం చెబుతోంది. ఏజెన్సీకి ఆర్‌పీఎస్‌ఎల్ లైసెన్సు ఉందా లేదా అన్నది డీజీ షిప్పింగ్ వెబ్‌సైట్‌లో వెతికి చూసుకోండి.

ఓడెక్కకుండా కూడా ఈ రంగంలో పనుంది. విశాఖలో సుమారు 96 కోట్లతో కట్టిన క్రూజ్ టెర్మినల్ 2023 సెప్టెంబరులో మొదలైంది. అక్కడ దిగేవాళ్లకూ టైమ్ ఇలాగే తక్కువ. గైడ్ అవుదామనుకునే విశాఖ స్నేహితులు ఓసారి కాగితం మీద నాలుగు గంటల ప్లాన్ వేసి చూడండి. సింహాచలం, తొట్లకొండ, ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్... ఏది ముందు, ఏది వదిలేయాలి? సోమవారం కురుసుర మూసి ఉంటుంది. ఓడ సోమవారమే వస్తే?