ఎరువుల దుకాణంలో అరువు: రైతుకు ఊతమా, ఉచ్చా?

పంట రుణం అనగానే బ్యాంకు గుర్తుకు వస్తుంది. కానీ తెలుగు రాష్ట్రాలలో జూన్ తొలివానకు కౌలు రైతు వెళ్లేది సాధారణంగా ఎరువులు, పురుగుమందుల దుకాణానికే. అక్కడ పట్టాదారు పాసుపుస్తకం అడగరు, రోజుల తరబడి తిప్పరు. విత్తనం, ఎరువు ఆనాడే చేతికి వస్తాయి. ఈ సౌలభ్యాన్ని తక్కువగా అంచనా వేయరాదు. అదును తప్పిన విత్తును ఎంత చౌక రుణమూ బాగుచేయలేదు.

నూటికి రెండు, మూడు రూపాయలనే వాడుక నెలసరి లెక్క. ఏడాదికి అది 24, 36 శాతం అవుతుంది. బ్యాంకులో 3 లక్షల వరకు స్వల్పకాలిక పంట రుణాన్ని గడువులోగా చెల్లిస్తే నికర వడ్డీ 4 శాతమే. రూ. 30,000కు ఆరు నెలల వడ్డీ బ్యాంకులో రూ. 600 కాగా, నూటికి మూడు చొప్పున బయట రూ. 5,400. పంట దెబ్బతిని నోటు తిరగరాస్తే వడ్డీ కూడా అసలులో కలిసి, మరో ఆరు నెలలకు బాకీ రూ. 41,772కు చేరుతుంది.

అమెరికాలో జీతం అందేలోపు అవసరానికి ఇచ్చే ‘పే డే’ రుణాలలోనూ ఇదే చిక్కు. రెండు వారాలకు నూరు డాలర్లపై 15 డాలర్ల రుసుము అక్కడ మామూలు. అక్కడి వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ 2014లో వెల్లడించిన పరిశీలన ప్రకారం 80 శాతానికి పైగా రుణాలు 14 రోజులలోపే పొడిగింపునకో, మరో కొత్త రుణానికో దారితీశాయి. ఒకసారి తీసుకొని తీర్చినవారికి భారం పరిమితమే. నష్టమంతా తిరగరాతలో ఉంది.

దుకాణపు అరువుకు మరో రెండు ముడులున్నాయి. అప్పు ఇచ్చినవాడే పంట కొనే చోట వడ్డీ తక్కువగా కనిపిస్తుంది. రూ. 30,000కు నూటికి రెండు చొప్పున ఆరు నెలలకు రూ. 3,600 వడ్డీ. 20 క్వింటాళ్ల ధాన్యంపై క్వింటాలుకు రూ. 100 చొప్పున ధర తగ్గిస్తే మరో రూ. 2,000. అంటే అసలు వడ్డీ ఏడాదికి 37 శాతం దాటుతుంది. రైతు లెక్కలో ఈ రెండో మొత్తం వడ్డీగా నమోదు కాదు.

రెండో ముడి విస్తరణ విభాగానికి మరింత సన్నిహితమైనది. అరువు ఇచ్చేవాడే మందు కూడా సూచిస్తాడు. యూరియా 45 కిలోల బస్తా ధర రూ. 266.50గా ప్రభుత్వ నియంత్రణలో ఉన్నందున దుకాణదారుడి లాభానికి ఆస్కారం పురుగుమందులలోనే ఎక్కువ. బాకీ ఉన్న రైతు ఆ సూచనను కాదనడం కష్టం. 2021-22లో మిరపపై నల్ల తామర పురుగు విరుచుకుపడినప్పుడు ఈ బంధం స్పష్టంగా బయటపడింది. విచక్షణ లేని పిచికారీలతో మిత్ర పురుగులు నశిస్తాయని, పురుగు అదుపులోకి రాదని శాస్త్రవేత్తలు చెబుతున్నా పిచికారీలు ఆగలేదు. పంట పోయినా ఆ మందుల ఖరీదు ఖాతాలో మిగిలింది. నగదుతో కొనే రైతు మూడో పిచికారీకి ముందు జేబు తడుముకుంటాడు. అరువు రైతుకు ఆ అడ్డు కూడా లేదు.

బ్యాంకుకు వెళ్లమని కౌలు రైతుకు చెప్పడం సులభం. ఆంధ్రప్రదేశ్‌లో 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం 11 నెలల ఒప్పందంపై కార్డు ఇస్తుంది గానీ, దానికి యజమాని సంతకం కావాలి. అదే సర్వే నంబరుపై యజమాని అప్పటికే రుణం తీసుకొని ఉంటే కార్డు ఉన్నా ఫలితం స్వల్పమే. తెలంగాణలో 2018లో ఎకరాకు రూ. 4,000తో మొదలైన రైతుబంధు అదునుకు నగదు అందించే మంచి ఆలోచన. అయితే అది పట్టాదారుకే పరిమితమైంది.

ఈ పరిస్థితిలో అరువును పూర్తిగా వద్దనడం కంటే దేనికి, ఎంతకాలానికి అన్నది రైతుతో కూర్చొని లెక్కించడం మేలు. తేలిక నేలల వరిలో అంకురం ఏర్పడే దశలో నత్రజని, పొటాష్, కూలి కోసం నూటికి మూడు చొప్పున రూ. 2,500 అప్పు చేస్తే మూడు నెలలకు వడ్డీ రూ. 225. సాధారణ రకానికి 2024-25 మద్దతు ధర క్వింటాలుకు రూ. 2,300 ప్రకారం సుమారు 120 కిలోల అదనపు ధాన్యంతో అసలు, వడ్డీ రెండూ తీరుతాయి. అవసరమైన పోషకం అదునుకు పడిన పొలంలో ఇది అందని దిగుబడి కాదు. మన సిఫారసుల ఆదాయ–వ్యయ పట్టికలు మాత్రం సాధారణంగా నగదు ధరలపైనే ఆధారపడతాయి. వాటిలో 36 శాతం వడ్డీతో మరో వరుస చేర్చి చూస్తే కొన్ని సిఫారసులు నిలుస్తాయి. ముందుజాగ్రత్త పేరిట సూచించే కొన్ని పిచికారీలు నిలవవు.