క్యాన్సర్ వైద్యంలో సోషల్ వర్కర్ చేసే పని

ఇది క్యాన్సరే అని డాక్టరుగారు చెప్పాక, గది దాటి బయటకు వచ్చిన కుటుంబం మమ్మల్ని అడిగే మొదటి మాట మందుల గురించి కాదు. "ఎంతవుతుందండీ?" అంటారు. కాసేపాగి, రోగికి వినబడకుండా, "ఆమెకు మాత్రం చెప్పకండి" అంటారు. ఈ రెండింటికీ మందుల చీటీలో జవాబు ఉండదు. ఆసుపత్రిలో సోషల్ వర్కర్లుగా మేము ఉన్నది అందుకే.

మేము బిల్లు తగ్గించేవాళ్ళమని చాలామంది అనుకుంటారు. అదీ కొంత నిజమే. కాని మా అసలు పని, మొదలుపెట్టిన వైద్యం మధ్యలో ఆగిపోకుండా చూడడం.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌నే తీసుకోండి. దానికి రేడియేషన్, అంటే మనవాళ్ళు 'కరెంటు పెట్టడం' అనేది, వారానికి 5 రోజుల చొప్పున సుమారు 5 వారాలు ఇస్తారు. తరువాత లోపలి నుండి ఇచ్చే రేడియేషన్ ఉంటుంది. మొత్తం 8 వారాల్లోపు పూర్తి కావాలి. మధ్యలో రోజులు పోతే క్యాన్సర్ కణాలు మళ్ళీ పుంజుకుంటాయి, నయమయ్యే అవకాశం తగ్గుతుంది.

కూలి పని చేసుకునే ఒక తల్లి మూడు వారాలు చక్కగా వచ్చి, ఒక సోమవారం రాలేదు. ఫోను ఎవరూ ఎత్తలేదు. మేము ఊరు వెళ్ళేసరికి ఆమె మిరప చేలో కాయలు కోస్తోంది. రక్తం పోవడం ఆగింది కాబట్టి జబ్బు తగ్గిపోయిందనుకుంది. పైగా బస్సు చార్జీలకు చేబదులు అడిగి అడిగి, ఇక అడగడానికి మొహం చెల్లలేదట. ఆమెకు వైద్యం ఉచితమే. చార్జీల సంగతి మేము మొదటి రోజే అడగవలసింది, అడగలేదు. తప్పు మాదే. ఆమె తిరిగి వచ్చింది గాని, అప్పటికే పది రోజులు పోయాయి. అప్పటినుండి కొత్తగా వచ్చిన ప్రతివారినీ ముందే అడుగుతున్నాము: రోజూ ఎలా వస్తారు? ఇంట్లో పిల్లల్ని, గొడ్లను ఎవరు చూస్తారు?

ఇంగ్లండులో సిసిలీ సాండర్స్ అనే ఆమె నర్సుగా, తరువాత ఆసుపత్రి సోషల్ వర్కరుగా పనిచేసి, ఆపైన డాక్టరు చదివారు. 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ ప్రారంభించారు. ఒంటి నొప్పి, మనోవేదన, ఇంటి చిక్కులు, ఆత్మలోని కలత, ఇవన్నీ కలిస్తేనే రోగి బాధ అని ఆమె బోధించారు. అందుకే మేము ఇంటి సంగతులు అడిగితే విసుక్కోకండి.

డబ్బు సంగతి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఇప్పుడు తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీగా, ఆంధ్రప్రదేశ్‌లో డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవగా నడుస్తోంది. ఆపరేషన్, కీమో, రేడియేషన్ మూడూ దానిలో ఉన్నాయి. రేషన్ కార్డులో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు ఉంటే ముందుగానే చెప్పండి. ఈ చిన్న తేడా వల్లే రోజులు గడిచిపోతాయి. వైద్యానికి రైలులో వెళ్ళే క్యాన్సర్ రోగికి స్లీపరులో, థర్డ్ ఏసీలో టిక్కెట్టు పూర్తిగా ఉచితం. తోడు వచ్చే ఒకరికి 75 శాతం రాయితీ. డాక్టరుగారు సంతకం చేసిన రైల్వే ఫారం ఉండాలి.

ఇక "ఆమెకు చెప్పకండి" అనే మాట. ప్రేమతోనే అంటారు, మాకు తెలుసు. కాని క్యాన్సర్ వార్డులో పడుకున్న మనిషికి తెలియదా? మీరు బాధపడతారని ఆమె, ఆమె బాధపడుతుందని మీరు, ఒకరి ముందు ఒకరు నటిస్తుంటారు. మేము బలవంతంగా ఏదీ చెప్పము. "మీకేమి తెలుసుకోవాలని ఉందమ్మా?" అని ముందు ఆమెనే అడుగుతాము.

సంఘ కుటుంబాలకు ఒక మనవి. పరామర్శకు వెళ్ళి, ప్రార్థన చేసి, పండ్లు ఇచ్చి వస్తున్నారు, సంతోషం. ఆ 5 వారాల్లో ఒక వారం మీలో ఒకరు తోడుగా రాగలరా? క్యాన్సర్ అంటువ్యాధి కాదు, కంచం వేరు పెట్టనక్కరలేదు.

మా గది ఓపీ కౌంటరు పక్కనే. రేషన్ కార్డు, ఆధార్, బయాప్సీ రిపోర్టు తెచ్చుకోండి. మాతో మాట్లాడడానికి ఫీజు లేదు. వైద్యం మానేద్దామనిపిస్తే, మానేయకముందే ఒకసారి రండి.