కాలేజీ మీద మమకారం

మా ఈపురుపాలెంలో మగ్గం మీద కూర్చున్న నేతగాని పనిని గజాలలో కొలవవచ్చు. పోగు తెగితే బట్టే చెబుతుంది. మరి కాలేజీ లెక్చరరు పనిని దేనితో కొలవాలి?

గంటలతో అంటారు పైవారు. అసిస్టెంటు ప్రొఫెసరు వారానికి 16 గంటలు పాఠం చెప్పాలని యూనివర్సిటీ గ్రాంట్సు కమిషన్ 2018లో నిబంధన పెట్టింది. ఆ గంటలు రిజిస్టరుకు ఎక్కుతాయి. కాని రాత్రి మేలుకుని పాఠం సిద్ధం చేసుకున్నదీ, వెనకబడిన కుర్రవాణ్ణి సాయంత్రం కూర్చోబెట్టి మళ్ళీ చెప్పినదీ ఏ రిజిస్టరుకూ ఎక్కవు. అవి మమకారం వున్నచోటే జరుగుతాయి.

కెనడా మనస్తత్వ శాస్త్రజ్ఞులు మేయర్, ఆలెన్ 1991లో ఈ సంగతే విడమరచి చెప్పారు. ఉద్యోగిని సంస్థతో కట్టివుంచే ముడులు మూడట. మొదటిది ఇష్టం: "ఇది నా కాలేజీ." రెండోది గత్యంతరం లేకపోవడం: "వదిలేస్తే యిల్లెలా గడుస్తుంది?" మూడోది ధర్మం: "అన్నం పెట్టిన చోటు విడవరాదు." ఏ ముడితో వున్నా హాజరుపట్టీలో సంతకం ఒకటే, పాఠం మాత్రం ఒకటి కాదు. మేయర్ బృందం 2002లో అనేక పరిశోధనల ఫలితాలను కలిపి చూడగా, ఇష్టానికీ మంచి పనికీ పొత్తు కనిపించింది. గతిలేక వుండడం వల్ల పని బాగుపడిన జాడ లేదు.

కనుక ఇరవై యేళ్ళ సర్వీసు చూసి మురిసిపోనక్కరలేదు. వెళ్ళిపోయినవారిని నిందించనూ అక్కరలేదు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి వైస్ చాన్సలరైన కట్టమంచి రామలింగారెడ్డిగారు ప్రభుత్వ నిర్బంధ విధానానికి నిరసనగా 1930లో రాజీనామా యిచ్చారు. 1936లో తిరిగి వచ్చి 1949 దాకా ఆ విద్యాలయాన్ని నడిపారు. నడుమ విడిచిపోయినందుకు ఆయనకు మమకారం లేదనగలమా?

మమకారం ఉపన్యాసాలతో పుట్టదు. కాంట్రాక్టు అధ్యాపకులు మొత్తం పోస్టులలో పదోవంతు మించరాదని ఆ 2018 నిబంధనలే అన్నాయి. కారణం ఊహించలేనిది కాదు. "వచ్చే యేడు వుంచుతారా?" అని బెంగపడే మనిషితో "ఇది నీ కాలేజీ" అంటే ఎలా నమ్ముతాడు? నెలనెలా జీతం, నిలకడైన ఉద్యోగం, చెప్పిన మాటకు మన్నన - యివి కాలేజీ ముందు యివ్వాలి. మమకారం ఆ వెనకే వస్తుంది.

పిల్లలను కాలేజీలో చేర్చబోయే తల్లిదండ్రులు భవనాలు చూస్తారు, ర్యాంకులు చూస్తారు. చూడండి, తప్పులేదు. కాని ఆఫీసు గదిలో మరొక్కమాట కూడా అడగండి: "నిరుడు పాఠం చెప్పిన మేష్టర్లలో ఎందరు ఈ యేడు వున్నారు? వారికి జీతం నెలనెలా అందుతోందా?" జవాబుకు తడుముకున్నారంటే, ఆ తడబాటు ఖరీదు చెల్లించేది మీ పిల్లవాడే.