వెనుకబడిన ప్రాంతం అంటే ఏది? ప్రోత్సాహకాల అర్హతపై సమీక్ష ఎందుకు?

ఆదాయపు పన్ను చట్టం కింద తెలంగాణలోని వెనుకబడిన జిల్లాలను కేంద్ర ప్రభుత్వం 2016లో ప్రకటించింది. అప్పటి పది జిల్లాలలో హైదరాబాద్ మినహా మిగిలిన తొమ్మిదింటికీ ఆ జాబితాలో చోటు లభించింది. అడవులు, గిరిజన గూడేలు విస్తరించిన ఆదిలాబాద్ వాటిలో ఒకటి. మాదాపూర్, గచ్చిబౌలి వంటి ప్రాంతాలున్న రంగారెడ్డి మరొకటి. చట్టం దృష్టిలో ఈ రెండూ సమానంగా వెనుకబడినవే. ఒక ప్రాంతానికి అర్హత ఎలా నిర్ణయిస్తారు, ఆ నిర్ణయాన్ని ఎప్పుడు పునఃపరిశీలించాలి అనే ప్రశ్నలకు ఇది చక్కని ఉదాహరణ.

రాయితీ ఏమిటి?

ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం, 2014లోని 94వ సెక్షన్ రెండు రాష్ట్రాలలోనూ పారిశ్రామికీకరణకు పన్ను ప్రోత్సాహకాలు కల్పించాలని పేర్కొంది. దానికి అనుగుణంగా, ప్రకటిత జిల్లాలలో 2015 ఏప్రిల్ 1 తరువాత నెలకొల్పిన తయారీ పరిశ్రమలకు కొత్త యంత్రాల విలువలో 15 శాతం పెట్టుబడి భత్యం, దానికి తోడు 15 శాతం అదనపు తరుగుదల రాయితీ కల్పించారు. ఈ సదుపాయం 2020 మార్చి 31 వరకు కొన్న యంత్రాలకు వర్తించింది. బీహార్, పశ్చిమ బెంగాల్‌లలోని ప్రకటిత జిల్లాలకు కూడా దీనిని విస్తరించారు.

ఆంధ్రప్రదేశ్‌లో రాయలసీమలోని నాలుగు, ఉత్తరాంధ్రలోని మూడు, మొత్తం ఏడు జిల్లాలకు ఈ అర్హత లభించింది. ఈ ఏడింటికే జిల్లాకు ఏడాదికి 50 కోట్ల రూపాయల చొప్పున ప్రత్యేక అభివృద్ధి నిధులు కూడా మంజూరయ్యాయి. కరవు పీడిత మార్కాపురం, కనిగిరి, గిద్దలూరు ప్రాంతాలున్న అప్పటి ప్రకాశం జిల్లా మాత్రం ఈ జాబితాకు వెలుపలే ఉండిపోయింది. చివరకు 2024 జూలై 23న సమర్పించిన కేంద్ర బడ్జెట్‌లో, రాయలసీమ, ఉత్తరాంధ్రలతో పాటు ప్రకాశం పేరును కూడా వెనుకబడిన ప్రాంతాల నిధుల ప్రస్తావనలో చేర్చారు. అప్పటికి పదేళ్లు గడిచిపోయాయి.

జిల్లాయే కొలమానమా?

ఈ చర్చ కొత్తది కాదు. పారిశ్రామికంగా వెనుకబడిన ప్రాంతాలను గుర్తించేందుకు పాండే కమిటీ, అక్కడి పరిశ్రమలకు ఇవ్వదగిన రాయితీలను సూచించేందుకు వాంఛూ కమిటీ 1960ల చివరలో ఏర్పాటయ్యాయి. ఎంపిక చేసిన ప్రాంతాలకు 1971 నుంచి కేంద్ర పెట్టుబడి సబ్సిడీ అందింది. 1978లో నియమితమైన శివరామన్ కమిటీ జిల్లాను కొలమానంగా తీసుకోవడాన్నే ప్రశ్నించింది. జిల్లా సగటు అంకెల వెనుక పేద ప్రాంతాలు కనుమరుగవుతాయి కాబట్టి, బ్లాకును యూనిట్‌గా తీసుకోవాలని సూచించింది. కరవు పీడిత, గిరిజన, కొండ, ఎడారి, వరద ముంపు, ఉప్పునీటి తీర ప్రాంతాలను వేర్వేరు రకాల వెనుకబాటుగా పరిగణించాలని కూడా పేర్కొంది.

పాత విశాఖపట్నం జిల్లా విషయంలో ఆ సూచన విలువ స్పష్టంగా తెలుస్తుంది. ఓడరేవు, ఉక్కు కర్మాగారం ఉన్న నగరం, పాడేరు మన్యం ఒకే జిల్లాలో ఉండటంతో రెండింటికీ ఒకే అర్హత దక్కింది. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లోని 13 జిల్లాలు 26 అయినప్పుడు ఆ జిల్లా విశాఖపట్నం, అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలుగా విడిపోయింది. తెలంగాణలోనూ పది జిల్లాలు 2016లో 31, 2019లో 33 అయ్యాయి. పాత పేర్లతో రూపొందిన జాబితాలను కొత్త సరిహద్దులకు అన్వయించేటప్పుడు ఎవరు లోపల, ఎవరు వెలుపల అన్నది మళ్లీ తేల్చుకోవలసి వస్తుంది.

పెట్టుబడి ఎటు వెళుతుంది?

హద్దులు విశాలంగా గీస్తే, వాటి లోపల అన్ని వసతులూ ఉన్న చోటికే పెట్టుబడి చేరుతుంది. 2003లో ప్రకటించిన ప్రత్యేక ప్యాకేజీ కింద హిమాచల్ ప్రదేశ్, ఉత్తరాఖండ్‌లలో వచ్చిన పరిశ్రమలు ఎక్కువగా మైదానాలకు చేరువగా ఉన్న బద్ది, హరిద్వార్, పంత్‌నగర్‌లలోనే కేంద్రీకృతమయ్యాయి. ఎగువ కొండ జిల్లాలకు దక్కింది స్వల్పమే.

ఈ అనుభవం తరువాతి పథకాలలో ప్రతిఫలించింది. ఈశాన్య రాష్ట్రాల కోసం 2024లో ఆమోదించిన ఉన్నతి పథకం జిల్లాలను రెండు మండలాలుగా విభజించి, పారిశ్రామికంగా వెనుకబడిన జిల్లాలకు ఎక్కువ ప్రోత్సాహకం ఇస్తుంది. 2018లో 112 జిల్లాలతో ఆరంభమైన ఆకాంక్షిత జిల్లాల కార్యక్రమం ఆరోగ్యం, విద్య, వ్యవసాయం తదితర రంగాలలో 49 సూచికల ద్వారా పురోగతిని కొలుస్తుంది. 2023లో దానినే 500 బ్లాకుల స్థాయికి తీసుకువెళ్లారు. ఇవి పన్ను రాయితీలు కావు. అయినా ఎప్పటికప్పుడు కొలిచి చూసే పద్ధతికి ఇవి నమూనా.

సమీక్షలో చూడవలసినవి

అర్హత తొలగించడం సులభమైన పని కాదు. పరిశ్రమ నెలకొల్పేవారు పదేళ్ల లెక్కలు వేసుకుని వస్తారు. నిబంధనలు మధ్యలో మారితే విశ్వాసం దెబ్బతింటుంది. అందువల్ల ఇప్పటికే వచ్చిన పరిశ్రమలకు ఇచ్చిన హామీని గడువు వరకు కొనసాగిస్తూ, కొత్త పెట్టుబడులకే కొత్త జాబితాను వర్తింపజేయడం సముచితం. ఏ సూచికల ఆధారంగా ఎంపిక జరిగింది, మళ్లీ ఎప్పుడు పరిశీలిస్తారు అన్న వివరాలు ముందుగానే ప్రజలకు తెలియాలి.

రాయితీ ఒక్కటే పరిశ్రమను తీసుకురాలేదన్నది కూడా గమనించాలి. రహదారి, నీరు, విద్యుత్తు, శిక్షణ పొందిన యువత లేనిచోట పన్ను మినహాయింపు కాగితాలకే పరిమితమవుతుంది. మార్కాపురంలోనో, పాడేరులోనో ఉపాధి కోసం ఎదురుచూసే యువతకు తమ జిల్లా పేరు జాబితాలో ఉండటం తొలి అడుగు మాత్రమే. ఆ జాబితా వల్ల తమ మండలానికి ఏమి చేరిందో తేల్చి చెప్పగలిగినప్పుడే సమీక్షకు సార్థకత.